సాతాను నాయకుడా, ప్రతినాయకుడా?

సందేహం: ఇంగ్లీషు కవి మిల్టన్ రాసిన పారడైజ్ లాస్ట్ కావ్యాన్ని (దేవుడి మీద తిరగబడి నరకంలో పడిన సాతాను, ఏదెను తోటలోని తొలి మానవులు ఆదాము, హవ్వలను చెడగొట్టే కథ) తెలుగులో పరిచయం చేస్తూ విద్యార్థుల కోసం ఒక వ్యాసం రాశాను. అందులో ‘ఈ కావ్యానికి నాయకుడు సాతాను’ అన్నాను. చదివిన స్నేహితురాలు ‘నాయకుడు’ కొట్టేసి ‘ప్రతినాయకుడు’ అని దిద్దింది. ఇంకొకరు ‘ఖలనాయకుడు’ అంటే పిల్లలకు తేలిగ్గా అర్థమవుతుందన్నారు. ఇంగ్లీషులో పెద్ద పెద్ద కవులే సాతానును హీరో అన్నారు కదా, నేను రాసింది తప్పెలా అవుతుంది? ఈ మూడింట్లో ఏది వాడాలి? గొడవ లేకుండా ‘హీరో’, ‘విలన్’ అనే ఉంచేయవచ్చా?

సమాధానం: మీ స్నేహితురాలి దిద్దుబాటే సరైనది. అయితే మీరు అలా రాయడానికి బలమైన కారణం ఉంది. ఆ కారణం ఇంగ్లీషు మాటలో ఉంది.

‘హీరో’ అనే ఒక్క మాట రెండు పనులు చేస్తుంది. కథ ఎవరి చుట్టూ తిరుగుతుందో అతనూ హీరోనే, ధైర్యసాహసాలు చూపి మెప్పు పొందినవాడూ హీరోనే. తెలుగులో మొదటివాడు కథానాయకుడు, రెండోవాడు వీరుడు. మనకు రెండు మాటలున్న చోట వాళ్లకు ఒకటే ఉంది. మిల్టన్ కావ్యం మీద మూడు వందల ఏళ్లుగా నడుస్తున్న వాదంలో సగం ఈ ఇరుకు వల్ల పుట్టిందే అని నాకు గట్టిగా అనిపిస్తుంది. 1697లో కవి డ్రైడెన్ ఈ కావ్యానికి సాతాను హీరో అయ్యాడని ఆక్షేపించాడు. 1712లో వ్యాసకర్త అడిసన్ కాదన్నాడు, హీరో ఉండి తీరాలంటే మెస్సీయనే, అంటే దేవుడి కుమారుణ్ణే అనుకోమన్నాడు. ఆ తరువాత కవి బ్లేక్, మిల్టన్ తనకే తెలియకుండా సాతాను పక్షాన ఉన్నాడన్నాడు. మరో కవి షెల్లీ ఇంకా ముందుకుపోయి, నైతికంగా మిల్టన్ దేవుడికన్నా మిల్టన్ సాతానే ఉన్నతుడన్నాడు. వీళ్లంతా చర్చించింది ఒకే ప్రశ్న కాదు. ఒకరు కథలో స్థానం గురించి మాట్లాడితే, మరొకరు గుణం గురించి మాట్లాడారు. మాట ఒకటే కావడంతో వాదం కూడా ఒకటే అన్నట్టు కనిపిస్తుంది.

ఈ చిక్కు మనకు లేదు. అందుకే ‘హీరో’ అని ఉంచేయవద్దంటున్నాను. అది ఇంగ్లీషు మాట అని కాదు, రోజూ వాడుకునే మాటే. కానీ ఇక్కడ దాన్ని వాడితే మన భాష విడదీసి పెట్టిన ముడిని మళ్లీ వేసినట్టవుతుంది.

ముందు ‘నాయకుడు’ సంగతి. ‘నీ’ ధాతువుకు తీసుకుపోవడం, చేర్చడం అని అర్థం. ‘నేత’ కూడా అక్కడిదే. కథను దాని ఫలం దాకా తీసుకుపోయి, ఆ ఫలాన్ని అందుకునేవాడు నాయకుడు. దశరూపకం అనే సంస్కృత నాటకలక్షణ గ్రంథంలో ధనంజయుడు ‘అధికారః ఫలస్వామ్యమ్’ అంటాడు. కథలో అధికారం అంటే ఫలం మీద హక్కు. ఎవరు ఎక్కువసేపు మాట్లాడారు, ఎవరి మాటలు చెవుల్లో గింగురుమంటున్నాయి అన్నది లెక్కలోకి రాదు. ఆ లెక్కన చూస్తే సాతానుకే మొదటి తాంబూలం. మొదటి రెండు ఆశ్వాసాలూ దాదాపు అతనివే.

ప్రతినాయకుడి లక్షణం కూడా ధనంజయుడే చెప్పాడు: ‘లుబ్ధో ధీరోద్ధతః స్తబ్ధః పాపకృద్వ్యసనీ రిపుః’. లోభి, ధీరోద్ధతుడు (ధైర్యంతోపాటు పొగరూ ఉన్నవాడు), స్తబ్ధుడు, పాపం చేసేవాడు, వ్యసనపరుడు, శత్రువు. ఇందులో రెండు మాటల దగ్గర ఆగండి. ‘ధీరోద్ధతుడు’లో ధీరుడు ఉన్నాడు. అంటే ధైర్యం ఉండటం ప్రతినాయకుడికి మినహాయింపు కాదు, లక్షణం. పిరికివాడు ఆ స్థానానికే పనికిరాడు. ఇక ‘స్తబ్ధుడు’. ఇప్పుడు స్తబ్ధత అంటే చలనం లేకపోవడం అనుకుంటున్నాం గానీ, ఇక్కడ ఆ మాటకు వంగనివాడు, బిర్రబిగుసుకున్నవాడు అని అర్థం. మొదటి ఆశ్వాసంలో సాతాను తన గురించి తాను గొప్పగా చెప్పుకునేది సరిగ్గా ఇదే: ఎన్నటికీ లొంగని, తలవంచని ధైర్యం. స్వర్గంలో ఊడిగం చేసేకన్నా నరకంలో ఏలడం మేలు అనే ప్రసిద్ధమైన మాట కూడా ఈ స్తబ్ధత నుంచి వచ్చిందే. నేను మొదటిసారి చదివినప్పుడు ఆ మాటకు ఒళ్లు పులకరించింది. ఇప్పటికీ పులకరిస్తుంది. అందువల్ల సాతాను నాయకుడైపోడు. దండి తన అలంకారశాస్త్ర గ్రంథం కావ్యాదర్శంలో చెప్పినట్టు, శత్రువు వంశాన్ని, వీర్యాన్ని, విద్యను కూడా వర్ణించి, అంతటివాణ్ణి గెలిచాడని చెప్పడం వల్ల నాయకుడి ఔన్నత్యం పెరుగుతుంది. మనం రావణుణ్ణి, సుయోధనుణ్ణి చదివేది ఈ కళ్లతోనే. సుయోధనుణ్ణి ‘అభిమానధనుడు’ అని మెచ్చుకుంటాం, అంతమాత్రాన భారతానికి అతన్ని నాయకుణ్ణి చేయం.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ‘ప్రతి’ అనే ఉపసర్గ. దీనికి రెండు ముఖాలున్నాయి. ప్రతివాది, ప్రతిపక్షం, ప్రతీకారం అన్నప్పుడు ‘ఎదురు’. ప్రతిబింబం, ప్రతిధ్వని, ప్రతిమ అన్నప్పుడు ‘పోలిక’. రాతప్రతి అంటున్నామంటే నకలు అనే అర్థమే. సాతాను ఈ రెండు అర్థాల్లోనూ ప్రతినాయకుడు. నాయకుడికి ఎదురు నిలిచేవాడు, నాయకుణ్ణి అనుకరించేవాడు కూడా.

దీన్ని కావ్యంలోనే చూడవచ్చు. రెండో ఆశ్వాసంలో నరకంలో సభ జరుగుతుంది. కొత్తగా సృష్టి అయిన లోకానికి ఒంటరిగా వెళ్లి వచ్చేదెవరు అన్న ప్రశ్న వస్తుంది. అందరూ నోరు మెదపకుండా కూర్చుంటారు. ఆ నిశ్శబ్దంలో సాతాను లేచి ‘నేను వెళ్తాను’ అంటాడు. ఎంత గొప్ప ఘట్టం! కానీ తరువాతి వాక్యాలు జాగ్రత్తగా చదవాలి. మాట ముగియగానే సభ చాలిస్తాడు. ఆలస్యమైతే ఇంకెవరైనా ‘నేనూ వస్తాను’ అంటారేమో, ఎలాగూ కాదంటారని తెలిసి చౌకగా కీర్తి కొట్టేస్తారేమో అని అతని భయం. మూడో ఆశ్వాసంలో స్వర్గంలో ఇంకో సభ. మనిషి పాపానికి బదులుగా చనిపోయేదెవరని తండ్రి అయిన దేవుడు అడుగుతాడు. అక్కడా అంతా మౌనం. అప్పుడు కుమారుడు ముందుకు వచ్చి, ‘ఇదిగో నేను, అతనికి బదులు నన్ను తీసుకో, నీ కోపం నా మీద పడనీ’ అంటాడు. రెండు సభలు, రెండు మౌనాలు, ముందుకొచ్చిన ఇద్దరు. అద్దంలో చూసినట్టుంటుంది. ఒకడు కీర్తి తగ్గకుండా కాపాడుకుంటూ వెళ్లాడు, మరొకడు ఉన్నదంతా వదులుకుని వచ్చాడు. ముందు నకలును చూపించి, తరువాత అసలును చూపించాడు మిల్టన్. ముందు చూసిన బొమ్మే మనసులో ముద్రపడిపోవడం పాఠకుడికి వచ్చిన చిక్కు. ‘విలన్’ అన్నా, ‘దుష్టుడు’ అన్నా ఈ అద్దం పగిలిపోతుంది. ‘ప్రతినాయకుడు’ అంటే నిలుస్తుంది.

ఇంకో చిన్న సంగతి. సాతాను అనే హీబ్రూ మాటకు అర్థమే విరోధి, ఎదురు నిలిచేవాడు. తిరుగుబాటుకు ముందు అతనికి వేరే పేరు ఉండేదని, ఆ పేరు స్వర్గంలో ఇప్పుడు వినబడదని అయిదో ఆశ్వాసం చెబుతుంది. ఎదురు నిలవడం తప్ప వేరే పేరు మిగలనివాణ్ణి ‘ప్రతి’ లేకుండా ‘నాయకుడు’ అని ఎలా పిలుస్తాం? మన బైబిలులో సాతాను అనే మాటతోపాటు ‘అపవాది’ అనే మాటా ఉంది. గ్రీకు మూలంలోని ‘అపనిందలు వేసేవాడు’ అనే అర్థాన్ని ఆ తెలుగు మాట అచ్చంగా పట్టుకుంది. హవ్వతో మాట్లాడే పాము చేసేది అదే, దేవుడి మీద అపవాదు వేయడం. ఆ ఘట్టం గురించి రాసేటప్పుడు ‘అపవాది’ అని వాడండి, చక్కగా అమరుతుంది.

ఇక ‘ఖలనాయకుడు’. సినిమా వార్తల్లో ఈ మాట బాగా నలిగింది కాబట్టి తేలిగ్గా అర్థమవుతుందన్నది నిజమే. కానీ ఖలుడంటే ఎవరు? సుమతీ శతకం పద్యం మీకు నోటికి వచ్చే ఉంటుంది. పాముకు విషం తలలో, తేలుకు తోకలో, ‘ఖలునకు నిలువెల్ల విషము గదరా సుమతీ’. నిలువెల్లా విషమే ఉన్నవాడికి లోపల పెనుగులాట ఉండదు. మిల్టన్ సాతానుకు ఉంది. మొదటి ఆశ్వాసంలో ఓడిపోయిన తన సేనను చూసి మాట పెగలక ఏడుస్తాడు. నాలుగో ఆశ్వాసంలో సూర్యుణ్ణి చూసి పూర్వవైభవం గుర్తొచ్చి, పశ్చాత్తాపపడితే ఎలా ఉంటుందా అని తర్కించుకుంటాడు. ఎటు పారిపోయినా నరకమేనని, తానే ఒక నరకమని ఒప్పుకుంటాడు. తొమ్మిదో ఆశ్వాసంలో పువ్వుల మధ్య ఒంటరిగా ఉన్న హవ్వను చూసి కాసేపు పగ, మోసం, అసూయ అన్నీ మరిచిపోయి బొమ్మలా నిలబడిపోతాడు. ఆ కాసేపూ అతనిలో చెడ్డతనం లేదు. ఇది నిలువెల్లా విషం కాదు. అందుకే అతని పతనం మనల్ని అంతగా బాధిస్తుంది. ఖలనాయకుడంటే ఆ బాధ అడుగంటిపోతుంది.

‘విలన్’ మాటకు ఇంగ్లీషులో మొదటి అర్థం భూస్వామి పొలంలో పనిచేసే పల్లెటూరివాడు. పేదవాడి మీద పెద్దల చులకన క్రమంగా ‘దుర్మార్గుడు’ అనే అర్థంగా ముదిరింది. ఒకప్పుడు దేవదూతల్లో అగ్రశ్రేణిలో ఉన్నవాడికి ఆ మాట ఎటు చూసినా పొసగదు.

మరి వీరుడెవరు? ఇక్కడ మన అలంకారశాస్త్రం చాలా సాయం చేస్తుంది. వీరరసాన్ని మనవాళ్లు యుద్ధవీరం దగ్గర ఆపలేదు. దానవీరం, దయావీరం, ధర్మవీరం అని కూడా చెప్పారు. తొమ్మిదో ఆశ్వాసం మొదట్లో మిల్టన్ చెప్పుకునేదీ ఇలాంటి మాటే: ఇంతవరకు యుద్ధం ఒక్కటే వీరగాథకు తగిన వస్తువు అనుకున్నారు, అంతకన్నా మేలైన ధైర్యం ఓర్పుది, ఆత్మబలిదానానిది, దాన్ని ఎవరూ పాడలేదు అంటాడు. ఈ మాటలు చదివినప్పుడల్లా, మనకు పేరున్న భావానికి అతను పేరు వెతుక్కుంటున్నట్టు అనిపిస్తుంది. కుమారుడు దయావీరుడు. సాతాను సేన మొత్తంలో ఒక్కడే లేచి ‘ఇది తప్పు’ అని చెప్పి, అందరూ తిట్టిపోస్తుంటే తల తిప్పకుండా నడిచి వెళ్లిన అబ్దీయేలు అనే దేవదూత ధర్మవీరుడు. సాతాను యుద్ధవీరుడు, అందులో సందేహం లేదు. ‘వీరుడైన ప్రతినాయకుడు’ అని రాస్తే మీ వ్యాసంలో బ్లేకుకూ చోటుంటుంది, అడిసన్‌కూ చోటుంటుంది.

హవ్వను వదలవద్దు. పదో ఆశ్వాసంలో ఆదాము ఆమెను పాము అని తిట్టిన తరువాత, ఆమె అతని కాళ్ల మీద పడి శిక్షంతా ‘నా మీదే, నా ఒక్కదాని మీదే’ పడాలంటుంది. మూడో ఆశ్వాసంలో కుమారుడు అన్న ‘నా మీద’ అనే మాట ఇక్కడ తిరిగి వినిపిస్తుంది. ఆమెకు తెలియకుండానే ఆమె గొంతులో ఆ ప్రతిధ్వని ఉంది. ఈ ‘ప్రతి’లో ఎదురు లేదు, పోలిక ఒక్కటే ఉంది. నన్నడిగితే కథానాయకులు ఆదాము, హవ్వ ఇద్దరూ. పోగొట్టుకున్నదీ వాళ్లే, పోగొట్టుకున్నదానికన్నా మేలైన ఏదెనును మనసులో కట్టుకోవచ్చని దేవదూత మిఖాయేలు నోట విన్నదీ ఆదామే, చివరి పంక్తుల్లో చేయీ చేయీ పట్టుకుని బయటికి నడిచేదీ వాళ్లిద్దరే. కుమారుణ్ణి నాయకుడనేవారి వాదం కూడా బలమైనదే. మీ వ్యాసంలో దాన్నీ ఒక మాట ప్రస్తావించండి.

మీ వ్యాసంలో ‘సాతాను ఆత్మగౌరవం’ అని రెండు చోట్ల రాశారు. దాన్నీ చూసుకోండి. గర్వం, అహంకారం, అభిమానం, ఆత్మగౌరవం, ఈ నాలుగింటికీ ఇంగ్లీషులో ఒకే మాట సరిపెట్టవచ్చు. తెలుగులో ఏది ఎంచుకుంటే తీర్పు అటు ఒరుగుతుంది. ‘ఆత్మగౌరవం’ అంటే అతన్ని గెలిపించినట్టే. బైబిలు భాషలో ‘గర్వం’ అంటే ముందే శిక్ష వేసినట్టు. అతని మాటల్లోనే చెప్పాలంటే, తన యోగ్యతకు అవమానం జరిగిందన్న బాధ అది. నాకైతే ‘అభిమానం దెబ్బతింది’ అన్నదే సరిగ్గా తూగుతుంది. అతని బాధ నిజమేనని ఆ మాట ఒప్పుకుంటుంది, న్యాయమని మాత్రం అనదు.

చివరగా ఫలస్వామ్యం, అంటే ఫలం మీద హక్కు సంగతి. ఏదెనులో గెలిచి వచ్చిన సాతాను పదో ఆశ్వాసంలో సింహాసనమెక్కి విజయగాథ వినిపిస్తాడు. చప్పట్ల కోసం ఆగుతాడు. నాలుగు దిక్కుల నుంచీ బుసలు వినిపిస్తాయి. వింటున్నవాళ్లంతా పాములైపోయారు, అతనూ పడి పాకుతున్నాడు. ఎదురుగా ఒక తోట మొలుస్తుంది, హవ్వ తిన్నలాంటి పండ్లతో. ఆకలితో, దాహంతో ఆ చెట్లెక్కి పండ్లు కొరికితే నోటి నిండా చేదు బూడిద. ఉమ్మేసి మళ్లీ కొరుకుతారు, మళ్లీ బూడిదే. ‘నాయకుడు’ అన్న మాట కొట్టేయడానికి మీకు ఇంకా మనసొప్పకపోతే, ఆ పేజీ ఒకసారి తెరిచి చూడండి.