సాల్ట్ లేక్ సిటీలో పరిశోధన మొదలుపెడుతున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఈ ఊరు కేంద్రంగా ఉన్న మార్మన్ అనే క్రైస్తవ శాఖలో ఎల్జీబీటీ జీవితాల చరిత్ర మీద నీ పరిశోధన ప్రణాళిక చదివాను. 'చర్చి దాచిపెట్టిన చరిత్ర' అనే మాట పేజీకొకసారి కనిపించింది. ముందు దాన్ని కొట్టేయి. దాచినవి లేవని కాదు. ఈ ఊళ్లో రాతప్రతుల జాబితాలు తయారుచేసే ఉద్యోగంలోనే నా జుట్టు నెరిసింది. ఏ పెట్టెలకు అనుమతి దొరకదో నాకూ తెలుసు. కానీ తాళం వేసిన పెట్టె మీదే ధ్యాస పెట్టినవాళ్లు బల్ల మీద అచ్చులో ఉన్నదాన్ని చదవరు. మార్మన్లంతగా రాసి పెట్టుకునే జనం అరుదు. డైరీ రాయడం వాళ్లకు భక్తిలో భాగం, పూర్వీకుల పేర్లు వెతకడం మోక్షానికి సంబంధించిన పని. ఆ సమాజంలోని ఎల్జీబీటీ జీవితాల ఆనవాళ్లు మిగిలాయంటే ఆ అలవాటు చలవే.

లూయీ ఫెల్ట్ సంగతే చూడు. చర్చిలో పిల్లల విభాగమైన 'ప్రైమరీ'కి 1880 నుంచి 1925 దాకా ఆవిడే అధ్యక్షురాలు. ఆ తర్వాత ఆ పదవిలోకి వచ్చిన మే ఆండర్సన్ ఆవిడతో ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో ఉంది. వాళ్లిద్దరినీ 'ప్రైమరీలోని దావీదు, యోనాతాను' అంటారని 1919లో రాసింది గిట్టనివాళ్లు కాదు, ప్రైమరీ వాళ్ల సొంత పత్రిక! బైబిలు చదివినవాళ్లకు ఆ పోలిక ఎంత దగ్గరితనాన్ని చెబుతుందో వేరే వివరించనక్కరలేదు. అలాగే చర్చి రెండో అధ్యక్షుడు బ్రిగమ్ యంగ్ కొడుకుల్లో ఒకడైన మోరిస్ యంగ్, మేడమ్ పాటిరీనీ అనే పేరుతో స్త్రీ వేషం కట్టి ఇటాలియన్ గాయనిలా పాడేవాడు. ఆ వేషంలో దర్జాగా తీయించుకున్న ఫోటోలు ఈనాటికీ ఉన్నాయి.

సరిగ్గా ఇక్కడే నీ వయసువాళ్లు తొందరపడతారు. మోరిస్ యంగ్ భార్యాబిడ్డలున్నవాడు. స్త్రీ వేషం కట్టాడన్నది నిజం. అతని మనసులో ఏముందో ఆ ఫోటో చెప్పదు. చర్చివాళ్ల పేరున్న టాబర్నకిల్ గాయక బృందాన్ని 1890 నుంచి 1916 దాకా నడిపిన ఇవాన్ స్టీవెన్స్ పెళ్లి చేసుకోలేదు, అతని ఇంట్లో ఒకరి తర్వాత ఒకరుగా యువకులు ఉండేవారు. మార్మన్ చరిత్రకారుడు మైకేల్ క్విన్ 1996లో తన పుస్తకంలో ఈ సంగతులన్నీ ఒకచోట చేర్చి పెట్టాక పెద్ద దుమారమే రేగింది. భక్తులైన విమర్శకులు అదంతా ఆ కాలపు స్నేహమేనన్నారు. వాళ్ల విమర్శ కూడా పూర్తిగా చదువు. కొన్నిచోట్ల వాళ్ల ప్రశ్నలు గట్టివే. నా మాట అడిగితే, ప్రేమికులని తీర్పు చెప్పకు, ఉత్త స్నేహితులనీ తేల్చేయకు. మొదటిదానికి సాక్ష్యం కావాలంటే రెండోదానికీ కావాలి. ఎవరు ఎవరితో ఎన్నేళ్లున్నారు, ఇల్లు ఎవరి పేరున ఉంది, వీలునామాలో ఎవరికి ఏం దక్కింది, ఇవి రాయి. అవి చాలా చెబుతాయి.

ఈ విద్యలో కానెల్ ఓ'డోనవాన్ పద్ధతి గమనించు. ఉద్యమకారుడు, వంశవృక్షాలు తవ్వి తీయడం తెలిసినవాడు. మార్మన్ సమాజంలో స్వలింగ సంబంధాల చరిత్రపై ఆయన వ్యాసం 1994లోనే అచ్చయింది. తొలినాటి నల్లజాతి మార్మన్ల గురించీ అదే ఓపికతో వెతికాడు. జనాభా లెక్కలు, ఊరి డైరెక్టరీలు, కోర్టు కాగితాలు, పాత పేపర్లు, ఇవే ముడిసరుకు. యూటా పాత పేపర్లు ఇప్పుడు కంప్యూటర్‌లో ఉచితంగా దొరుకుతాయి. 1890 జనాభా లెక్కల పత్రాలు దాదాపు అన్నీ నాశనమయ్యాయి కాబట్టి 1880కీ 1900కీ మధ్య ఇరవై ఏళ్ల ఖాళీని డైరెక్టరీలతో పూడ్చుకో. ఇంకొక సంగతి విన్నావో లేదో, చర్చివాళ్ల సొంత వంశవృక్షాల సైటు ఫ్యామిలీసెర్చ్ 2019 చివరి నుంచి స్వలింగ జంటలను కూడా నమోదు చేసుకోనిస్తోంది. సిద్ధాంతం ఒకవైపు, జాబితా పిచ్చి మరొకవైపు!

క్విన్ గురించి మరొక మాట. 1970లలో చర్చి చరిత్ర విభాగం తలుపులు బార్లా తెరిచి ఉన్న రోజుల్లో ఆయన రాసుకున్న నోట్సు ఇప్పుడు యేల్ విశ్వవిద్యాలయంలో ఉంది. ఇక్కడ కాదన్నది కొన్నిసార్లు అక్కడ దొరుకుతుంది. ఆయన్ను 1993 సెప్టెంబరులో చర్చి నుంచి బహిష్కరించారు. అయినా విశ్వాసం వదలలేదు. దీన్ని వింతగా చూడకు. నువ్వు కలవబోయేవాళ్లలో అలాంటివాళ్లు చాలామంది ఉంటారు.

వాళ్ల దగ్గరికే ముందు వెళ్లు. కాగితాలు ఆగుతాయి. గే, లెస్బియన్ మార్మన్ల సంఘం 'అఫర్మేషన్' పుట్టింది 1977లో. ఆనాటి కుర్రవాళ్లు ఇప్పుడు డెబ్బై దాటినవాళ్లు. ఎయిడ్స్ రోజులు దాటి మిగిలినవాళ్లు మరీ తక్కువ. కూర్చోగానే బాధల గురించి అడగకు. ప్రొవోలో చర్చివాళ్లు నడిపే బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో విద్యుత్ షాకులతో 'చికిత్స' చేశారన్నదానికి అక్కడే 1976లో సమర్పించిన సిద్ధాంత గ్రంథం ఉంది. అది చదివే వెళ్లు, కానీ ఆ మాట వాళ్లంతట వాళ్లు ఎత్తేదాకా ఆగు. మిషన్ గురించి, అంటే చర్చి తరఫున మతప్రచారానికి వెళ్లిన రోజుల గురించి అడుగు: ఏ దేశం పంపారు, జంటగా తిరిగిన సహచరుడు ఎవరు, ఇంటికి ఉత్తరాలు రాసేవారా. గాయక బృందంలో పాడారా అని అడుగు. నేలమాళిగ చూపించమను. ఏడాదికి సరిపడా గోధుమలు నిల్వచేసే ఇళ్లు అవి. ఆ డబ్బాల వెనక సంఘం పాత పత్రికలు, ఉత్తరాలు దొరికితే ఆశ్చర్యపోకు.

ఎప్పుడు చర్చికి దూరమయ్యారని అడిగితే చాలామంది ఏడాది తప్పు చెబుతారు. కాలిఫోర్నియాలో స్వలింగ వివాహాలను ఆపే ఓటింగుకు చర్చి మద్దతిచ్చిన గొడవ 2008లో జరిగింది. స్వలింగ దంపతుల పిల్లలకు 18 ఏళ్లు నిండేదాకా బాప్తిస్మం లేదన్న నియమం 2015 నవంబరులో వచ్చి 2019 ఏప్రిల్‌లో పోయింది. వాళ్ల మాటను దిద్దకు. విన్నది విన్నట్టే ఉంచి, తేదీ నీ గమనికలో విడిగా రాసుకో.

పేర్ల విషయంలో మిల్‌డ్రెడ్ బెరిమన్‌ను ఆదర్శంగా పెట్టుకో. 1920, 30లలో ఇదే సాల్ట్ లేక్ సిటీలో తనలాంటివాళ్లు 30 మందికి పైగా చెప్పిన సంగతులు సేకరించి, పేర్లు బయటపెట్టకుండా రాసింది. ఆమె బతికుండగా అది వెలుగు చూడలేదు. 1972లో చనిపోతే 1977లో ఆ అధ్యయనం గురించి లోకానికి తెలిసింది. నువ్వు కూడా అనుమతి పత్రంలో 'నా జీవితకాలంలో వద్దు' అని టిక్కు పెట్టే గడి తప్పకుండా ఉంచు. సంతకం చేశాక మనసు మార్చుకునే హక్కూ రాయి.

తెలుగువాళ్లు ఎదురైతే ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. భారతదేశంలో ఈ చర్చి మొదటి స్టేక్ (కొన్ని స్థానిక సంఘాలను కలిపిన విభాగం) 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది, అక్కడి నుంచి ఇక్కడికి చదువుకు వచ్చిన పిల్లలూ ఉన్నారు. చిన్న సమాజం అది. పేరు తీసేసినా, ఏ ఏడాది ఎక్కడ మిషన్ చేశాడో రాస్తే ఎవరో అక్కడి సగం మందికి తెలిసిపోతుంది. వాళ్ల ఇంటర్వ్యూలు ఆంగ్లంలోకి మార్చే పని బయటివాళ్లకు ఇవ్వకు. నువ్వే చెయ్యి, లేదా నాకు పంపు. అనుమతి పత్రం చిత్తుప్రతి కూడా ఈ వారంలో పంపించు, చూసి దిద్దుతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ