ఎంజిన్ఎక్స్‌లో స్టేటస్ పేజీ ఎలా పెట్టాలి?

గుంటూరు మిర్చి ధరలు చూపించే మీ సైటు పొద్దున్నే మొరాయిస్తోంది, ఆ టైంలో సర్వర్ మీద ఎంత లోడు ఉందో తెలిసేదెలా అని కదా అడిగారు. మీ సైటు పేజీలను అందించే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎంజిన్ఎక్స్‌లో, కనెక్షన్ల లెక్కలు చూపించే స్టబ్ స్టేటస్ అనే మాడ్యూల్ ఉంది, ఉబుంటు ప్యాకేజీతో పాటే వస్తుంది. కాన్ఫిగ్ ఫైల్లో మీ సైటు సర్వర్ బ్లాకులో ఒక లొకేషన్ (ఆ స్టేటస్ పేజీ అడ్రసు) రాసి, అందులో స్టబ్ స్టేటస్ (మధ్యలో అండర్‌స్కోర్) అని ఒక లైను, దాని కింద 127.0.0.1కి (అంటే ఆ సర్వర్‌కే) అలౌ, ఆ తర్వాత అందరికీ డినై పెట్టండి. ఆ డినై మర్చిపోతే మీ లెక్కలు ఊరంతా చూస్తుంది, నేనోసారి అలాగే వదిలేసి క్లయింటుతో చీవాట్లు తిన్నాను. కాన్ఫిగ్ టెస్ట్ చేశాకే రీలోడ్ కొట్టండి, రీస్టార్ట్ అక్కర్లేదు.

ఆ పేజీలో యాక్టివ్ (మొత్తం తెరిచి ఉన్న కనెక్షన్లు) 300 అని కనిపిస్తే కంగారు పడకండి. అందులో వెయిటింగ్ 280 ఉంటే అవన్నీ పని అయిపోయి ఊరికే లైను పట్టుకుని కూర్చున్న కనెక్షన్లే. అసలు చూడాల్సింది యాక్సెప్ట్స్ (వచ్చిన కనెక్షన్లు), హ్యాండిల్డ్ (వాటిలో ఎంజిన్ఎక్స్ చూసుకున్నవి). రెండూ సమానంగా ఉండాలి, హ్యాండిల్డ్ వెనకబడుతుంటే సాధారణంగా వర్కర్ కనెక్షన్స్ (ఎంజిన్ఎక్స్ ఒక్కో వర్కర్ ప్రాసెస్ ఒకేసారి పట్టగల కనెక్షన్లు) లిమిట్ నిండుతున్నట్టు, ఉబుంటు ఫైల్లో అది 768 ఉంటుంది, పెంచుకోవచ్చు. అవి సమానంగానే ఉండి రైటింగ్ (జవాబు వెళ్లాల్సిన కనెక్షన్లు) మాత్రం ఎక్కువగా ఉంటే జవాబు తయారవడమే ఆలస్యం అవుతుండొచ్చు, ఎంజిన్ఎక్స్‌ని వదిలేసి ముందు మీ డేటాబేస్ క్వెరీలు చూడండి.