అమెరికా ప్రైమరీల్లో నిబంధనలు మారితే అధ్యక్ష అభ్యర్థి కూడా మారిపోతారా?

మారిపోవచ్చు. ప్రైమరీలంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకోవడానికి రాష్ట్రాల్లో జరిగే ఎన్నికలు. వీటిలో జనం ఓటేసేది అభ్యర్థికే అయినా పార్టీ చివరికి లెక్కపెట్టేది డెలిగేట్లను, అంటే పార్టీ సదస్సులో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులను. ఓట్లను డెలిగేట్లుగా ఎలా మారుస్తారన్న దగ్గరే అసలు కథంతా ఉంది.

2016 ఫ్లోరిడా రిపబ్లికన్ ప్రైమరీనే చూడండి. ట్రంప్‌కు సుమారు 46 శాతం ఓట్లు పడ్డాయి, డెలిగేట్లు మాత్రం 99కి 99 ఆయనకే, ఎందుకంటే అక్కడ మొదటి స్థానంలో నిలిచినవారికే అందరూ దక్కుతారు. అప్పట్లో అక్కడి సెనేటరైన మార్కో రూబియోకు 27 శాతం వచ్చినా ఒక్కరూ దక్కలేదు. ఆ రాత్రే పోటీ నుంచి తప్పుకున్నారు.

డెమోక్రాట్లు 15 శాతం ఓట్లు తెచ్చుకున్నవాళ్లందరికీ డెలిగేట్లను దామాషాలో పంచుతారు. నాకు ఇదే న్యాయంగా అనిపిస్తుంది. కానీ ఇందులోనూ మెలిక ఉంది. 2008లో చిన్న రాష్ట్రమైన ఐడహోలో ఒబామా 15-3 డెలిగేట్లతో గెలిచారు, పెద్ద రాష్ట్రమైన న్యూజెర్సీలో ఆయన ప్రత్యర్థి హిల్లరీ క్లింటన్ గెలిచింది 59-48తోనే. అంటే ఐడహో ఆధిక్యం 12, న్యూజెర్సీది 11!