రోప్‌వే ఉన్న కొండ మీద ఒక రోజు హైకింగ్: లెక్క దిగడం నుంచే మొదలవ్వాలి

ప్రశ్న ఇది: అమ్మానాన్నలు, ఎనిమిదేళ్ల పాప, మేమిద్దరం కలిసి రోప్‌వే ఉన్న ఒక కొండ రిసార్టు పార్కుకి వెళ్తున్నాం. చేతిలో ఉన్నది ఒక్క రోజు. శిఖరం, సరస్సు, జలపాతం మూడూ చూడాలని ఉంది. ఏ ట్రైల్ ముందు పెట్టుకోవాలి? ఏమేం సర్దుకోవాలి?

ట్రైల్ సంగతి తర్వాత చూద్దాం. మీ ప్లాన్‌లో మొట్టమొదట రాసుకోవాల్సింది సాయంత్రం కిందికి ఎలా వస్తారన్నది. రోప్‌వేలో పైకెళ్లి, కాసేపు తిరిగి, మళ్లీ రోప్‌వేలోనే దిగిపోతాం అనుకుంటారు అందరూ. నా మాట వినండి, దిగేటప్పుడు రోప్‌వే ఉండదనుకునే లెక్క వేసుకోండి. ఉంటే మంచిదే, రెండు గంటలు కలిసొస్తాయి. లేకపోయినా చీకటి పడేలోపు నడిచి కిందికి చేరేంత టైమ్ మిగిలి ఉండాలి. కొండల మీద ఇబ్బంది పడ్డవాళ్లలో సగానికి సగం మంది ఇది చూసుకోకే పడ్డారని నా గట్టి నమ్మకం.

కొన్నేళ్ల కిందట అక్కా బావలతో, మేనల్లుడితో ఇలాంటి చోటికే వెళ్లాం. రోప్‌వే ఎగువ స్టేషన్ నుంచి శిఖరానికి గట్టు మీదుగా, అంటే కొండ వెన్ను మీదుగా దారి. పొద్దున టికెట్ కౌంటర్ దగ్గరే అందరికీ చెప్పాను, ఒంటిగంటకి ఎక్కడున్నా సరే అక్కడి నుంచి వెనక్కేనని. సరేనన్నారు. ఒంటిగంట అయ్యేసరికి శిఖరం ఎదురుగా ఉంది. దాని మీద నిలబడ్డవాళ్ల చొక్కాల రంగులు కూడా తెలుస్తున్నాయి. నెత్తిమీద ఒక్క మబ్బు లేదు. పడమటి వైపు మాత్రం ఒక తెల్ల మబ్బు వెడల్పు కాకుండా ఎత్తు పెరుగుతోంది.

"ఏంటోయ్, అదిగో కనిపిస్తోంది కదా, అరగంట పని! ఇంత దూరం వచ్చి వెనక్కి పోతారా ఎవరైనా?" అన్నాడు బావ.

"వద్దు బావా. ఒంటిగంట అంటే ఒంటిగంటే."

ఆయనకి కోపం వచ్చింది. అక్కే కలగజేసుకుని, "వాడు పొద్దున్నే చెప్పాడు కదండీ, పదండి" అని ముందు తను తిరిగింది. మేనల్లుడు అలిగి నాతో మాట్లాడటం మానేశాడు.

రెండు దాటిందో లేదో మొదటి ఉరుము. అప్పటికి మేం గట్టు దిగి చెట్లలోకి వచ్చేశాం. మెరుపు మెరవగానే మేనల్లుడి చేత సెకన్లు లెక్కపెట్టించాను. శబ్దం ఒక కిలోమీటరు రావడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది. కాబట్టి ఉరుము 30 సెకన్ల లోపు వినిపించిందంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు, ఇక ఆరుబయట ఉండకూడదు. వాడు ఒకసారి ఇరవై ఆరు దాకా, తర్వాత పద్దెనిమిది దాకా లెక్కపెట్టి, అలక సంగతి మర్చిపోయి నా చెయ్యి పట్టుకున్నాడు. గబగబా నడిచి స్టేషన్ బిల్డింగ్ లోపలికి చేరాం. ఆఖరి ఉరుము విన్నాక కనీసం 30 నిమిషాలు బయటికి రాకూడదు కాబట్టి అక్కడే కూర్చున్నాం.

రోప్‌వే అప్పటికే ఆపేశారు. ఉరుములు తగ్గినా గాలి తగ్గలేదు. "ఎప్పుడు నడుపుతారు?" అంటే "చెప్పలేం సార్, గాలి చూడాలి" అన్నారు. అదే మాట మళ్లీ మళ్లీ. లోపల జనం పెరిగిపోతున్నారు. మేం మూడున్నరకి బయల్దేరి, మెయింటెనెన్స్ బళ్లు తిరిగే మట్టిరోడ్డు పట్టుకుని నడిచి, ఇంకా వెలుతురు ఉండగానే కిందికి వచ్చేశాం. శిఖరం దాకా వెళ్లినవాళ్లు నిలువునా తడిసి మా తర్వాత చాలాసేపటికి స్టేషన్ చేరారట. వాళ్లలో కొందరు ఫోన్ లైట్ల వెలుగులో దిగొచ్చారు. పసిపిల్లలతో!

రోప్‌వే ఆపడం తప్పని నేననను. పిడుగులకీ గాలికీ ఆపాల్సిందే, అదే క్షేమం. కానీ కింద టికెట్ అమ్మేటప్పుడు ఆ మాట చెప్పాలి కదా? చివరి క్యాబిన్ ఎన్నింటికో పెద్ద బోర్డు పెట్టారు. వాతావరణం బాగాలేకపోతే మధ్యలోనే ఆపేస్తామని మాత్రం ఎక్కడా రాయలేదు. జనం ఆ బోర్డు మీది టైమ్‌ని నమ్ముకుని కొండెక్కుతారు. నాకు ఇప్పటికీ మండుకొచ్చే విషయం ఇది.

మధ్యాహ్నం ఉరుములు రావడం వింతేమీ కాదు. ఎండకి కొండవాలు వేడెక్కితే తేమగాలి పైకి లేస్తుంది, చల్లబడి మబ్బు కడుతుంది, తేమ బాగా ఉన్న రోజుల్లో మధ్యాహ్నానికల్లా ఉరుముతుంది. అందుకే ఎత్తైన చోట్లకి పొద్దున్నే వెళ్లి, మధ్యాహ్నానికల్లా గట్టు దిగేయాలి. టిఫిన్ తీరిగ్గా కానిచ్చి పదకొండింటికి రోప్‌వే క్యూలో నిలబడేవాళ్లని చూస్తే నాకు టెన్షన్ మొదలవుతుంది.

ఇంకో సంగతి, దిగడం తేలిక అనుకోకండి. ఎక్కేటప్పుడు పోయేది ఊపిరి, దిగేటప్పుడు పోయేవి మోకాళ్లు. దిగుతున్నప్పుడు ప్రతి అడుగులోనూ తొడ కండరాలు సాగుతూనే బరువుని ఆపాలి. మర్నాడు, ఆ మర్నాడు మెట్లు దిగలేకపోవడానికి కారణం అదే. ఆ రోజు మా బావ ఎక్కేటప్పుడు అందరికంటే ముందున్నాడు, గులకరాళ్ల మీద దిగేటప్పుడు అందరికంటే వెనకున్నాడు. అక్క చేతికర్ర తీసుకున్నాకే కాస్త తేరుకున్నాడు. మీ అమ్మానాన్నలకి చెరో జత ట్రెకింగ్ పోల్స్ తప్పకుండా తీసుకెళ్లండి.

టైమ్ లెక్క ఎలాగంటారా? విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో ఒక సూత్రం ఇచ్చాడు. నేను ఇప్పటికీ దాన్నే వాడతాను. 5 కిలోమీటర్ల నడకకి ఒక గంట, పైగా ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. అంటే రానూపోనూ 10 కిలోమీటర్లు, 600 మీటర్ల ఎక్కుడు ఉన్న దారికి 3 గంటలు. ఇది ఆగకుండా నడిచే గట్టివాళ్ల లెక్క. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే దాన్ని ఒకటిన్నర రెట్లు చేయండి, తినడానికీ ఫొటోలకీ ఒక గంట కలపండి. అయిదున్నర గంటలైంది చూశారా? రిసార్టువాళ్లు ఇచ్చే మ్యాప్ మీద ఇదే దారి "10 కి.మీ." అని అమాయకంగా కనిపిస్తుంది. ఎక్కుడెంతో రాయని మ్యాప్ నా దృష్టిలో మ్యాపే కాదు. స్విట్జర్లాండ్‌లో పసుపు రంగు దారి బోర్డుల మీద కిలోమీటర్లు కాదు, పట్టే టైమ్ రాస్తారు, అదీ విరామాలు కలపకుండా. అన్ని చోట్లా అలా రాస్తే ఎంత బాగుణ్ణు!

ట్రైల్ రంగుల్ని చూసి కూడా మోసపోకండి. చలికాలంలో స్కీయింగ్ నడిపే రిసార్టుల్లో ఆ స్కీయింగ్ మ్యాపే వేసవిలోనూ చేతికొస్తుంది. ఉత్తర అమెరికాలో నీలం అంటే మధ్యరకం వాలు, యూరప్‌లో నీలమే తేలికది. పైగా అవి స్కీయింగ్ చేసేవాళ్ల కోసం వేసిన రంగులు. మంచు లేనప్పుడు గడ్డివాలుగా మిగిలే ఆ స్కీ దారి మీద తిన్నగా నడిచి దిగితే మోకాళ్లు చచ్చూరుకుంటాయి. మలుపుల దారిలోనే రండి. మలుపుల్ని అడ్డంగా కోసుకుంటూ దిగేవాళ్ల వల్లే మట్టి కొట్టుకుపోయి దారులన్నీ పాడవుతున్నాయి. ట్రైల్ మీద స్పీకర్లలో పాటలు పెట్టేవాళ్ల గురించి రాయడం మొదలుపెడితే ఈ జవాబు పూర్తికాదు.

సామాన్ల మాటకొస్తే, 1000 మీటర్లు పైకెళ్తే దాదాపు 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. కింద చెమటలు పడుతున్నా మనిషికో గాలికోటు, ఒక వెచ్చటి పొర ఉండాల్సిందే. తడిసిన కాటన్ బట్ట ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తుంది. నడిచే ప్రతి గంటకీ మనిషికి సుమారు అర లీటరు నీళ్లు. తలకి కట్టుకునే టార్చిలైటు ఒకటి, ఒక విజిల్. ఆపదలో నిమిషానికి ఆరు ఊదులు, తర్వాత ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరు. పాపకి కూడా ఇది నేర్పండి.

ఇక మీ మూడు కోరికలు. శిఖరం ఈసారికి వదిలేయండి. అమ్మానాన్నలు నడిచి దిగలేరనుకుంటే, పొద్దున మొదటి క్యాబిన్‌లోనే పైకి తీసుకెళ్లండి. పదకొండింటికల్లా ఇద్దరినీ రోప్‌వే ఎక్కించి కిందికి పంపేయండి, మధ్యాహ్నం దాకా పైన ఉంచొద్దు. ఎగువ స్టేషన్ 2500 మీటర్లు దాటి ఉంటే, ఎత్తు పడక తలనొప్పి, వికారం అన్నారంటే అంతకంటే ముందే దింపేయాలి. మీరిద్దరూ పాపతో సరస్సు దాకా వెళ్లండి, నైస్మిత్ లెక్క వేసుకుని, పాప నడక వేగంతో. వెనక్కి తిరిగే టైమ్ ఒకటి అనుకుని, అమ్మానాన్నలకి కూడా చెప్పి పెట్టండి. పైన ఫోన్ సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు కాబట్టి కింద ఎన్నింటికి, ఎక్కడ కలవాలో ముందే తేల్చుకోండి. జలపాతం దిగువ స్టేషన్ దగ్గర్లో ఉంటే దాన్ని ఆఖరికి పెట్టుకోండి. ఓపిక ఉంటే చూస్తారు, లేకపోతే నష్టమేమీ లేదు. కాకపోతే ఆ రోజు పైన వాన పడిందంటే మాత్రం నీళ్లలోకి దిగొద్దు, కింద ఎండ కాస్తున్నా సరే. పైనుంచి వచ్చే ప్రవాహం నిమిషాల్లో పెరిగిపోతుంది.