రాజాకు ఎలుక జ్వరం... మా బాబుకు వస్తుందా?

ప్రశ్న: మొన్న జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసీ నీళ్లు మా ఇంట్లోకి వచ్చి రెండు రోజులు నిలిచాయి. తర్వాత వారానికి మా కుక్క రాజా తిండి మానేసింది. వాంతులు, కళ్లు పచ్చబడ్డాయి. పశువుల డాక్టర్ ఎలుక జ్వరం అని మందులు మొదలుపెట్టారు. ఎనిమిదేళ్ల మా బాబు రాజా పక్కనే పడుకుంటాడు. కుక్కను ఎక్కడైనా వదిలేయమని అత్తయ్య పట్టుబడుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, చాదర్‌ఘాట్

జవాబు: రాజాను వదిలేయకండమ్మా. వదిలేస్తే జబ్బు క్రిములున్న దాని మూత్రం ఇంకో గల్లీలో పిల్లలు ఆడుకునే చోట పడుతుంది. ఈ మాట మీ అత్తయ్యగారికి నెమ్మదిగా చెప్పండి.

ఈ జబ్బు చేసే బ్యాక్టీరియా, లెప్టోస్పైరా, ఎలుకల కిడ్నీల్లో కాపురం ఉంటుంది. వాటి మూత్రంతో బయటికొచ్చి తడి నేలలో, నిలవ నీటిలో వారాల తరబడి బతుకుతుంది. కాలి మీద చిన్న గీత ఉన్నా, నీళ్లలో చర్మం నానినా లోపలికి వెళ్తుంది. రాజా తిరిగిన నీళ్లలోనే మీరూ బాబూ తిరిగారు. అందుకే బాబుకు జ్వరం లేకపోయినా ఇప్పుడే డాక్టర్‌కు చూపించండి. ఇల్లు మునిగిందనీ, కుక్కకు ఎలుక జ్వరమనీ మీ అంతట మీరే చెప్పండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఒక వానాకాలం మా పశువుల క్లినిక్‌లో పనిచేసే కుర్రాడు ఇలాంటి కుక్కకే సెలైన్ పెట్టాడు, చేతికి గ్లౌజులు లేకుండా. అవి కొని ఉంచాల్సింది నేను. పది రోజులకు వాడికి జ్వరం, పిక్కల్లో భరించలేని నొప్పి. ఒక ఆస్పత్రిలో వైరల్ అని పారాసిటమాల్ ఇచ్చి పంపారు. ఏం పని చేస్తావని అక్కడ ఎవరూ అడగలేదు, వాడూ చెప్పలేదు. కళ్లు పచ్చబడ్డాక వాళ్లమ్మ ఫోన్ చేస్తే పరుగెత్తుకెళ్లి నేనే చెప్పాను. అప్పటికే కిడ్నీలు దెబ్బతిన్నాయి. కోలుకోవడానికి నెలన్నర పట్టింది. మొదటి రోజే తెలిసుంటే మామూలు యాంటీబయాటిక్‌తో తగ్గేది. మనుషుల డాక్టరూ పశువుల డాక్టరూ ఇప్పటికీ మాట్లాడుకోవడం తక్కువ. ఆ కబురు మోయాల్సింది మీరే.

నీళ్లలో తిరిగిన నెల లోపల ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా, కళ్లు ఎర్రబడినా, పిక్కలు లాగినా ఆగకండి. మెడికల్ షాపులో అడిగి మాత్రలు వేయొద్దు. తొలి వారంలో రక్తపరీక్షలో దొరక్కపోవచ్చు కూడా.

రాజా కోర్సు పూర్తయ్యి, పశువుల డాక్టర్ సరే అనేదాకా బాబు పక్కన పడుకోనివ్వకండి. మూత్రం పోసిన చోట గ్లౌజులు వేసుకుని బ్లీచింగ్ నీళ్లతో కడగండి. మీ గల్లీలో చికెన్ షాపు వ్యర్థాలు నాలాలో వేస్తుంటే పదిమందీ కలిసి ఆపించండి, ఎలుకలు పెరిగేది దాని మీదే. ఇక రాజా కోలుకున్నాక ఏటా టీకా వేయించండి. రేబిస్ టీకా దీనికి పనిచేయదు. లెప్టో కలిసిన టీకా కావాలని పేరు చెప్పి అడగండి.