ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్: ముందు మొదటి ఇరవై ప్రశ్నల సంగతి చూడండి

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం. ఈసీఈలో బీటెక్ పూర్తయింది. యూకేలో ఎమ్మెస్సీకి దరఖాస్తు చేస్తున్నాను. ఇంగ్లిష్ భాషా పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో ఓవరాల్ 6.5 రావాలి, ఏ సెక్షన్‌లోనూ 6కు తగ్గకూడదు అని యూనివర్సిటీ షరతు. మాక్ టెస్టుల్లో రీడింగ్ 7, స్పీకింగ్ 6.5, రైటింగ్ 6 వస్తున్నాయి. లిజనింగ్ మాత్రం 5.5 దాటడం లేదు. పార్ట్ 1లో ఆరో ఏడో, పార్ట్ 2లో ఆరు, పార్ట్ 3లో నాలుగు, పార్ట్ 4లో ఐదు కరెక్ట్ అవుతున్నాయి. పదో తరగతి దాకా తెలుగు మీడియం కావడంతో ఆడియోలో మాట్లాడేవాళ్ళ యాక్సెంట్ పట్టుకోలేకపోతున్నాను. ఇంగ్లిష్ సినిమాలు చూడమని కొందరు, యాక్సెంట్ ట్రైనింగ్‌లో చేరమని కొందరు చెబుతున్నారు. ఐదు వారాల్లో కంప్యూటర్ మోడ్‌లో పరీక్ష ఉంది. వాయిదా వేసుకోమంటారా?

జవాబు: పార్ట్‌ల వారీగా మార్కులు రాసి పంపడం మంచి పని చేశారు. చాలామంది ‘లిజనింగ్ కష్టంగా ఉంది సార్’ అని మాత్రమే రాస్తారు, దానికి ఏం చెప్పాలో తోచదు.

ముందు లెక్క చూద్దాం. మీ నాలుగు స్కోర్ల సగటు 6.25. ఐఈఎల్‌టీఎస్‌లో 6.25 వస్తే దాన్ని 6.5గా లెక్కిస్తారు. అంటే ఓవరాల్ ఇప్పటికే వచ్చేసినట్టే. అడ్డంగా ఉన్నది లిజనింగ్‌లోని ఆ అర బ్యాండ్ (ఇక్కడ స్కోరును బ్యాండ్ అంటారు) ఒక్కటే. ఈ సెక్షన్‌లో నాలుగు పార్ట్‌లు, ఒక్కో దాంట్లో పది ప్రశ్నలు. మొత్తం 40 ప్రశ్నలకు సుమారు 23 కరెక్ట్ అయితే 6 బ్యాండ్, 30 అయితే 7 వస్తుంది. పేపర్‌ను బట్టి ఈ అంకె ఒకటి అటూ ఇటూ కావచ్చు. మీకు 21, 22 వస్తున్నాయి. ఒకటి రెండు మార్కుల కోసం పరీక్ష వాయిదా వేయనక్కర్లేదు. కాకపోతే సరిగ్గా 23 మీద ఆధారపడకండి. ప్రాక్టీస్‌లో 27 వచ్చేలా చూసుకుంటే, పరీక్ష రోజు టెన్షన్‌లో మూడు పోయినా ఇబ్బంది ఉండదు.

ఆ ఐదారు మార్కులు ఎక్కడి నుంచి తేవాలన్నదే అసలు విషయం. అందరూ పార్ట్ 4లోని లెక్చర్ మీద పడతారు, అది కష్టం కాబట్టి. పార్ట్ 4లో ఐదు తెచ్చుకుంటున్న మీరు పార్ట్ 1లో మూడో నాలుగో పోగొట్టుకుంటున్నారు. పార్ట్ 1 అంటే ఇద్దరు మాట్లాడుకునే మామూలు సంభాషణ: గది అద్దె, కోర్సులో చేరడం, పోయిన బ్యాగు గురించి ఫిర్యాదు లాంటివి. పార్ట్ 2లో ఒకరే మాట్లాడతారు, అదీ మ్యూజియం టూర్ గురించో ఊళ్లో కొత్త పార్కు గురించో. లెక్చర్‌లోని కష్టమైన ఖాళీకీ, ఫోన్‌లో చెప్పిన ఇంటి నంబర్‌కీ ఇచ్చేది ఒక్క మార్కే. కాబట్టి మొదటి ఇరవై ప్రశ్నల్లో 17 తెచ్చుకోండి. మిగతా ఇరవైలో ఇప్పుడు వస్తున్న తొమ్మిది, దానికి ఇంకొకటి కలిసినా మీ 27 వచ్చేస్తుంది.

పార్ట్ 1లో మార్కులు ఎలా పోతాయో ఒక ఉదాహరణ చూడండి. జిమ్‌లో చేరే ఫారం ఇచ్చారనుకుందాం. ‘నెల ఫీజు’ పక్కన ఖాళీ ఉంది. రిసెప్షన్‌లో ఆమె చెబుతుంది: పోయిన ఏడాది వరకు 32 పౌండ్లు ఉండేది, జనవరి నుంచి 38 చేశాం. అవతలి వ్యక్తి ‘నేను స్టూడెంట్‌ని’ అంటాడు. ‘ఓ, అయితే మీకు 29’ అంటుంది. మూడు అంకెలూ స్పష్టంగానే వినపడ్డాయి, యాక్సెంట్ గొడవేమీ లేదు. మొదటిది వినగానే టైప్ చేసేసి, హమ్మయ్య అనుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లినవాళ్ళు మార్కు పోగొట్టుకుంటారు. ఇది పరీక్ష తయారుచేసేవాళ్ళు కావాలని పెట్టే వల. రోజు, టైము, ఫోన్ నంబర్, ఫీజు అడిగినప్పుడు దీన్ని ఊహించాలి. ‘బట్’, ‘యాక్చువల్లీ’, ‘సారీ’, ‘నో, వెయిట్’ లాంటి మాట వినపడిందంటే అప్పటిదాకా రాసింది మారబోతోందేమో అని చెవులు రిక్కించాలి. ఆ విషయం మీద వాళ్ళ మాట పూర్తయ్యేదాకా జవాబు ఖాయం చేసుకోవద్దు.

రెండోది, అక్షరాలు. పేర్లు, వీధి పేర్లు ఒక్కో అక్షరం చొప్పున చెబుతారు. మనం ‘హెచ్’ అంటాం, బ్రిటిష్ వాళ్ళలో ఎక్కువమంది ‘ఎయిచ్’ అంటారు. దాన్ని ‘ఎయిట్’ అనో ‘ఏ’ అనో రాసేవాళ్ళు చాలామంది. ఆస్ట్రేలియా వాళ్ళ నోట ‘ఏ’ కాస్తా ‘ఐ’కి దగ్గరగా వినిపిస్తుంది. సున్నాను ‘ఓ’ అంటారు. థర్టీన్‌కీ థర్టీకీ తేడా ఒత్తులో ఉంది: థర్టీన్‌లో చివరి భాగం సాగుతుంది, థర్టీలో మొదటి భాగం గట్టిగా పడి రెండోది పొట్టిగా ఆగిపోతుంది. దీనికి పెద్ద కోచింగ్ అక్కర్లేదు. బ్రిటన్ పోస్ట్‌కోడ్‌లలో అక్షరాలూ అంకెలూ కలిసే ఉంటాయి. అలాంటి చిరునామాలు, పేర్లు ఆన్‌లైన్ డిక్షనరీ ఆడియోతోనో, ఫోన్‌లోని బ్రిటిష్, ఆస్ట్రేలియన్ గొంతులతోనో చదివించుకుని రోజూ పది నిమిషాలు రాయండి. పది రోజుల్లో తేడా మీకే తెలుస్తుంది.

ఇక స్పెల్లింగ్. కంప్యూటర్‌లో రాస్తున్నాం కదా, తప్పు రాస్తే కింద ఎర్ర గీత వస్తుందనుకోకండి, రాదు. అకామడేషన్‌లో ‘సీ’లు రెండు, ‘ఎమ్’లు రెండు. ఎన్విరాన్‌మెంట్‌లో, గవర్న్‌మెంట్‌లో మధ్యలోని ఎన్‌ను తినేయడం మామూలే. బ్రిటిష్ స్పెల్లింగ్ రాసినా అమెరికన్ స్పెల్లింగ్ రాసినా ఒప్పుకుంటారు. చివర ‘ఎస్’ వదిలేస్తే మాత్రం మార్కు పోయినట్టే. మాట్లాడేటప్పుడు ఆ ‘ఎస్’ను మింగేసే అలవాటు మనలో చాలామందికి ఉంది కాబట్టి వినేటప్పుడూ జారిపోతుంది. ఖాళీకి ముందు ఏ మాట ఉందో చూడండి. ‘మెనీ’ ఉంటే బహువచనం, ‘ఎ’ ఉంటే ఏకవచనం. సూచనలో ఒక్క మాటే రాయమంటే, ముందు ‘ది’ చేర్చినా రెండు మాటలైపోతాయి, మార్కు రాదు.

మీరు రాయలేదు గానీ, పార్ట్ 2లో, 3లో వరసగా రెండు మూడు జవాబులు పోతుంటాయని నా అనుమానం. మీ తప్పులు ఒకసారి చూసుకోండి, 14, 15, 16 అలా పక్కపక్కనే ఉంటే దానికి కారణం ఒక్కటే. ఒక ప్రశ్న తప్పిపోగానే దాని గురించే ఆలోచిస్తూ ఉండిపోతారు, ఆడియో ముందుకు వెళ్లిపోతుంది. వినిపించేది ఒక్కసారే. అందుకే కళ్ళు ఎప్పుడూ రెండు ప్రశ్నల మీద ఉండాలి, ఇప్పటిదీ తర్వాతిదీ. తర్వాతి ప్రశ్నకు సంబంధించిన మాట చెవిన పడగానే పాతదాన్ని వదిలేయండి. నెగటివ్ మార్కులు లేవు కాబట్టి చివర్లో ఏదో ఒకటి ఊహించి పెట్టొచ్చు. పోయిన ఒక్క మార్కును పట్టుకుని వేలాడితే మరో రెండు పోతాయి.

ప్రతి పార్ట్‌కు ముందు ప్రశ్నలు చదువుకోవడానికి కొంచెం టైమ్ ఇస్తారు. అప్పుడు చేయాల్సింది చదవడం ఒక్కటే కాదు. ఈ ఖాళీలో అంకె వస్తుందా, పేరు వస్తుందా, వస్తువా, పనా అని ముందే అనుకోండి. మొదటి మూడు పార్ట్‌ల మధ్యలో కూడా ఒకసారి ఆగుతారు, పార్ట్ 4లో ఆ విరామం ఉండదు, పది ప్రశ్నలూ ముందే చూసుకోవాలి. పార్ట్ 2లో మ్యాప్ వస్తే మీరు నిలబడిన చోటు ఎక్కడో ముందు గుర్తించండి, కుడి ఎడమలు అక్కడి నుంచే.

పార్ట్ 3లో విద్యార్థులు, లెక్చరర్ చర్చించుకుంటారు. ఆప్షన్లలోని మాటలు మూడూ ఆడియోలో వినిపిస్తాయి కాబట్టి విన్న మాటను చూసి టిక్ పెడితే దాదాపు తప్పే. ఒకరు అన్నదాన్ని రెండోవాళ్ళు ఒప్పుకున్నారా లేదా అన్నది చూడాలి. ‘ఐ సీ వాట్ యూ మీన్, బట్’ అన్నారంటే ఒప్పుకోనట్టే. ఇందులో నాలుగు నుంచి ఐదుకు వెళ్తే మీకు ప్రస్తుతానికి చాలు.

యాక్సెంట్ సంగతికి వస్తాను. మీకు రీడింగ్‌లో 7 వస్తోంది, అంటే మాటలు తెలుసు. కంటికి తెలిసిన మాట చెవికి తెలియడం లేదు. మనం స్పెల్లింగ్‌లో ఉన్న ప్రతి అక్షరాన్నీ పలుకుతాం, వాళ్ళు మింగేస్తారు. ‘కంఫర్టబుల్’ వాళ్ళ నోట ‘కంఫ్టబుల్’, ‘వెజిటబుల్స్’ ‘వెజ్టబుల్స్’. ‘మస్ట్ హ్యావ్ బీన్’ అన్న మూడు మాటలూ కలిసి ‘మస్టబిన్’ అని వెళ్లిపోతాయి. ఇది తెలుగు మీడియం లోపం కాదు, ఇంగ్లిష్ మీడియం పిల్లలకూ ఇదే సమస్య. సబ్‌టైటిల్స్ పెట్టుకుని సినిమా చూడడం దీనికి మందు కాదు, అది ఇంకోరకం రీడింగ్ ప్రాక్టీస్. పైగా పరీక్షలో గొంతులు సినిమాల్లో కన్నా స్పష్టంగా, నిదానంగా ఉంటాయి. యాక్సెంట్ ట్రైనింగ్ డబ్బు మిగుల్చుకోండి. ఆ కోర్సుల్లో ఎక్కువగా నేర్పేది మీరు ఎలా మాట్లాడాలో, మీ అవసరం వినడం.

దాని బదులు ట్రాన్‌స్క్రిప్ట్ (ఆడియోలోని మాటలు రాసిపెట్టిన కాపీ) దొరికే ఆడియో ఏదైనా తీసుకోండి. బీబీసీ, ఆస్ట్రేలియా ఏబీసీ కార్యక్రమాలు ఉన్నాయి, లేదా మీరు రాసేసిన మాక్ టెస్టే ఉంది. ఒక్క నిమిషం ముక్క విని, విన్నది విన్నట్టు రాసి, ట్రాన్‌స్క్రిప్ట్‌తో పోల్చండి. ఎక్కడ తేడా వచ్చిందో ఆ మాటను వాళ్ళలాగే పైకి అనండి. రోజుకు అరగంట చాలు, కానీ ఒక్కరోజూ మానొద్దు.

మాక్ టెస్టులు రోజుకొకటి రాయకండి. వారానికి రెండు, మహా అయితే మూడు. రాసిన ప్రతిదాన్నీ మళ్లీ వినండి. తప్పయిన ప్రతి జవాబు పక్కన కారణం రాయండి: స్పెల్లింగా, ‘ఎస్’ వదిలేశానా, వలలో పడ్డానా, వెనకబడ్డానా, అసలు ఆ మాటే తెలియదా. నాలుగు టెస్టులయ్యాక ఏ కారణం ఎక్కువసార్లు వచ్చిందో కనిపిస్తుంది, తర్వాతి వారం దాని మీదే పని చేయండి. కోచింగ్ సెంటర్లో వారానికి ఆరు టెస్టులు పెట్టి జవాబుల కీ చేతిలో పెట్టి పంపించేస్తే మీకు ఒరిగేదేమీ లేదు.

ప్రాక్టీస్ కూడా కంప్యూటర్ మీదే, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చేయండి. యూట్యూబ్ వీడియోల్లో ‘చివర్లో పది నిమిషాలు ఇస్తారు, అప్పుడు జవాబులు నీట్‌గా ఎక్కించుకోండి’ అని చెబుతుంటారు. అది పేపర్ మోడ్ వాళ్ళకు. మీకు సరిచూసుకోవడానికి రెండు నిమిషాలే ఇస్తారు. వింటూనే టైప్ చేయడం అలవాటు కావాలి. పరీక్ష రోజు సౌండ్ చెక్ చేసేటప్పుడు ఏ కాస్త తేడా ఉన్నా మొహమాటపడకుండా అక్కడే చేయెత్తి చెప్పండి.

తేదీ విషయం: పరీక్షకు పది పన్నెండు రోజుల ముందు, ఇంతకుముందు చూడని రెండు టెస్టులు రాయండి. రెండింటిలోనూ 25 దాటితే నిశ్చింతగా వెళ్లండి. 22 దగ్గరే ఉండిపోతే అప్పుడు వాయిదా గురించి ఆలోచిద్దాం. తేదీ మార్చుకోవడానికి గడువు ఎంతో, ఎంత ఖర్చవుతుందో మీ బుకింగ్ పేజీలో ఇప్పుడే చూసి పెట్టుకోండి. కంప్యూటర్ మోడ్‌లో రాసినవాళ్ళకు 60 రోజుల్లోపు ఒక్క సెక్షన్ మాత్రమే మళ్లీ రాసే వీలుంది, దాన్ని వన్ స్కిల్ రీటేక్ అంటారు. అయితే అన్ని యూనివర్సిటీలూ దాన్ని ఒప్పుకోవు. అడ్మిషన్ ఆఫీసుకు ఈ వారమే మెయిల్ పెట్టి రెండు విషయాలు అడగండి: రీటేక్ స్కోరు చెల్లుతుందా, మామూలు అకడమిక్ టెస్ట్ సరిపోతుందా లేక యూకే వీసా కోసం యూకేవీఐ పేరుతో ఉన్నదే రాయాలా. ప్రశ్నలూ మార్కుల పద్ధతీ రెండింటికీ ఒకటే గానీ, బుకింగ్ వేరు. తప్పుగా బుక్ చేసి ఉంటే ఇప్పుడే మార్చుకోవాలి.