చంటోడికి ఫ్లూ జ్వరమొస్తే

అమ్మాయీ,

ఉత్త జలుబా, ఫ్లూనా అని అడిగావు. జలుబైతే మెల్లగా మొదలవుతుంది, ముక్కు కారుతున్నా పిల్లాడు ఆడుకుంటూనే ఉంటాడు. ఫ్లూ అలా కాదు. పొద్దున బాగున్నవాడే సాయంత్రానికి 103 జ్వరంతో, ఒళ్ళునొప్పులతో మూలుగుతూ పడుకుంటాడు. పొడిదగ్గు, ఒక్కోసారి వాంతులు, విరేచనాలూ ఉంటాయి.

మందు బరువుని బట్టి వెయ్యాలి. పారాసెటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాములు. మీవాడు 12 కిలోలు, అంటే పూటకి 180. చాలామంది పొరబడేది సీసా దగ్గరే. 5 మిల్లీలీటర్లకి 120 అని రాసున్న సిరప్ ఏడున్నర మిల్లీలీటర్లు పొయ్యాలి, 250 అని ఉంటే మూడున్నరే. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉంటుంది. దాన్ని సిరప్‌లా ఏడున్నర పోస్తే నాలుగింతలు పోసినట్టే, లివర్ పాడవ్వచ్చు. వంటింటి చెంచాతో కాకుండా సిరంజితో కొలువు. ఆరు గంటలకోసారి, రోజుకి నాలుగుసార్లు మించొద్దు. నాలుగేళ్ళలోపు పిల్లలకి జలుబు సిరప్‌లు అసలొద్దు, వాటిలో కొన్నిట్లో పారాసెటమాల్ కూడా కలిసే ఉంటుంది.

ఆస్పిరిన్ పిల్లల దగ్గరికే రానివ్వకు. వానాకాలంలో డెంగీ కూడా ఇలాగే మొదలవుతుంది కాబట్టి ఐబూప్రొఫెన్, మెఫనమిక్ యాసిడ్ సొంతంగా వెయ్యకు, రక్తస్రావం కావచ్చు. ఫ్లూ వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచెయ్యదు, షాపువాడు ఇచ్చినా తీసుకోకు.

దుప్పట్లు కప్పకు, పల్చటి చొక్కా చాలు. అన్నం తినకపోయినా పర్వాలేదు, నీళ్ళు మాత్రం దిగాలి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళలో కలిపి, చెంచాడు చెంచాడుగా పట్టు.

అన్నిటికన్నా ముఖ్యం ఊపిరి. నిద్రపోయేటప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం పెట్టుకుని, పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో నిండా ఒక నిమిషం లెక్కపెట్టు. ఏడాది నుంచి ఐదేళ్ళలోపు పిల్లలకి 40కి చేరకూడదు. డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా, ఎనిమిది గంటలుగా ఒంటేలు పొయ్యకపోయినా, లేపినా మత్తుగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా తెల్లారేదాకా ఆగకు. తగ్గినట్టే తగ్గి జ్వరం తిరగబెడితే నిమోనియా అయ్యుండొచ్చు, అప్పుడూ చూపించాలి. మూడు నెలల్లోపు పసికందుకైతే జ్వరం తగలగానే ఆసుపత్రికే.

ఆయాసం పిల్లలకీ, గుండెజబ్బు పిల్లలకీ, రెండేళ్ళు నిండనివాళ్ళకీ డాక్టరు ఒసెల్టామివిర్ అనే ఫ్లూ వైరస్ మందు రాస్తారు. మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే దాని గుణం బాగా కనిపిస్తుంది, అందుకే రెండ్రోజులు చూద్దాంలే అనుకోకు.

మందు వెయ్యకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే బడికి పంపు. తగ్గాక ఫ్లూ టీకా వేయించు. మొదటిసారి కాబట్టి నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు, ఆపైన ఏడాదికొకటి.